ఫ్లైఓవర్ ఊరి మధ్యలో దిగే చోట ఏం మార్చాలి: ఐదు దారులు, ఏది ఎవరికి సరిపోతుంది

హైదరాబాద్ అత్తాపూర్‌లో ఎవరినైనా అడ్రస్ అడగండి, వీధి పేరు కాదు, పిల్లర్ నెంబర్ చెబుతారు. "పిల్లర్ నెంబర్ 125 దగ్గర దిగి, లోపలికి రెండో సందు" అంటారు. 2009 అక్టోబరులో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే తెరిచాక అక్కడి జనం ఆ ఫ్లైఓవర్‌ని అలా తమ ఊళ్లో కలిపేసుకున్నారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు వెళ్లేవాళ్లకు ఎంత సమయం కలిసొచ్చిందో నాకూ తెలుసు, నేనూ దాని మీద వెళ్తాను. ఇబ్బందంతా దిగే దగ్గరే. పైన ఒక్క సిగ్నల్ కూడా లేకుండా వచ్చిన కారు మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి వైపు దిగేసరికి సిటీ బస్సులు, షేర్ ఆటోలు, రైతుబజార్ నుంచి కూరగాయల సంచులతో వచ్చేవాళ్లు, కంటికి కట్టుతో ఉన్న తాతని చేయి పట్టుకుని రోడ్డు దాటించే మనవడు, అందరూ ఒకేసారి ఎదురవుతారు. పైన 60, 70లో నడిపిన చేతులు కిందకొచ్చాక కూడా అదే వేగంలో ఉంటాయి.

ఇలాంటి చోట్లు మన నగరాల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఎక్కడైనా మార్పు చేద్దామని మాట రాగానే ఒకరు సిగ్నల్ తీసేయమంటారు, ఒకరు సర్కిల్ కట్టమంటారు, ఇంకొకరు ఫ్లైఓవర్‌నే ఇంకో అర కిలోమీటరు పొడిగించమంటారు. కాలనీ సంఘంలో ఉన్నవాళ్లు, రోడ్డు పక్కన షాపు ఉన్నవాళ్లు, రోజూ అక్కడ బస్సు ఎక్కేవాళ్లు దేనికి సరే అనాలో తెలియక తికమక పడతారు. వాళ్ల కోసమే ఇది. మెహదీపట్నాన్నే ఉదాహరణగా పెట్టుకుంటాను, మీ ఊరి ర్యాంప్‌కు, అంటే ఫ్లైఓవర్ నుంచి నేలకు దిగే వాలుకు, మీరు అన్వయించుకోండి.

## ముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు దిగే వేగం. మన దేశంలో రోడ్ల డిజైన్‌కు వాడే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, డ్రైవరు అడ్డం చూసిన క్షణం నుంచి పూర్తిగా ఆగడానికి 80 మీటర్లు కావాలి. 40లో ఉంటే 45 మీటర్లు చాలు. ర్యాంప్ వాలు మీద నుంచి వచ్చేవాడికి కింద ఏముందో చివరిదాకా సరిగ్గా కనబడదు కాబట్టి ఈ 35 మీటర్ల తేడా చాలా పెద్దది. కారు ముందు భాగం తగిలిన పాదచారి చనిపోయే ప్రమాదం, వేగం 50 నుంచి 65కి పెరిగితే నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్ వాళ్లు 2019 నవంబరు మర్చిపోయి ఉండరు. గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మలుపులో వేగంగా వచ్చిన కారు అదుపు తప్పి కింద రోడ్డు మీద పడింది, కింద నిలబడి ఉన్న ఒకామె ప్రాణం పోయింది. కాబట్టి ఏ డిజైన్ తెచ్చినా నేను మొదట అడిగేది, బండి నేల మీదికి రాకముందే దాని వేగం ఎలా తగ్గిస్తారని.

రెండోది కత్తెర. మన ఫ్లైఓవర్లు ఎక్కువగా రోడ్డు మధ్యలో దిగుతాయి. ఎడమకు తిరగాల్సిన ర్యాంప్ బండ్లు కింద రోడ్డు బండ్లను దాటుకుంటూ ఎడమకు రావాలి, కింద నుంచి వచ్చి కుడికి తిరగాల్సినవాళ్లు ర్యాంప్ బండ్లను దాటుకుంటూ కుడికి పోవాలి. రెండు వరుసలూ కత్తెరలా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ర్యాంప్ నేలకు తాకిన చోటు నుంచి మొదటి జంక్షన్ దాకా ఎంత దూరం ఉందో అడుగులు వేసి కొలవండి. 100 మీటర్లు కూడా లేకపోతే ఆ కత్తెరను రంగు గీతలతో సరిచేయలేరు.

మూడోది నడిచి దాటడం. ఆరు లేన్ల రోడ్డు అంటే దాదాపు 21 మీటర్లు. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడనుకుంటే 17, 18 సెకన్లు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పాతిక సెకన్లకు తగ్గదు. మధ్యలో ఆగి నిలబడే చోటు ఉంటే అదే రోడ్డు తొమ్మిదేసి సెకన్ల రెండు ముక్కలవుతుంది. డబ్బు పెద్దగా పెట్టకుండా ప్రాణాలు కాపాడే మార్పు ఇంతకంటే నాకు కనబడలేదు.

వీటి తర్వాత బస్‌స్టాప్ ఎక్కడ పడుతుంది, క్యూ ర్యాంప్ మీదికి ఎంతవరకు ఎక్కుతుంది, పని ఎన్నాళ్లు సాగుతుంది, తప్పు చేశామని తెలిస్తే వెనక్కి తీసుకోవచ్చా అనేవి చూడండి. చివరిదాన్ని జనం దాదాపు ఎప్పుడూ అడగరు, తప్పకుండా అడగాలి.

## ఒకటి: ఉన్నదాన్నే సరిచేయడం

సిగ్నల్ ఉంటుంది, ర్యాంప్ ఉంటుంది, కింద జంక్షన్ ఆకారం మారుతుంది. ర్యాంప్ చివరి 100, 150 మీటర్లలో రంబుల్ స్ట్రిప్స్ (బండిని గడగడలాడించే ఎత్తు గీతలు) వేసి లేన్ కొంచెం సన్నం చేస్తారు, ఎందుకంటే రోడ్డు ఇరుకుగా కనబడితే బోర్డు చదవనివాడు కూడా కాలు బ్రేక్ మీద పెడతాడు. ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే దారి, మూసేస్తారు. రోడ్డు మధ్యలో మనిషి నిలబడేందుకు కనీసం రెండు మీటర్ల వెడల్పు దిమ్మె కడతారు. బస్‌స్టాప్‌ను జంక్షన్ దాటాక, కత్తెర పడని చోటికి జరుపుతారు. ముఖ్యమైనది, ర్యాంప్ మీద నుంచి వచ్చేవాళ్లకూ కింద నుంచి వచ్చేవాళ్లకూ వేర్వేరుగా గ్రీన్ ఇస్తారు. రెండు వరుసలూ ఒకేసారి కదలవు కాబట్టి కత్తెర ఉండదు.

కారు వాళ్లు వెంటనే అడిగే ప్రశ్న, "సిగ్నల్ దగ్గర ఆగడానికేనా ఫ్లైఓవర్ ఎక్కింది?" అని. ప్రశ్న న్యాయమైనదే, లెక్క వేసి చూద్దాం. 120 సెకన్ల చుట్టులో ర్యాంప్‌కు 35 సెకన్ల గ్రీన్ ఇచ్చారనుకోండి. ఒక్కో లేన్‌లో రెండు సెకన్లకు ఒక కారు చొప్పున రెండు లేన్లలో 35 కార్లు పోతాయి, గంటకు సుమారు వెయ్యి. మిగతా 85 సెకన్లలో దాదాపు 24 కార్లు వచ్చి చేరతాయి, లేన్‌కు పన్నెండు, అంటే 80 మీటర్ల క్యూ. ర్యాంప్ వాలు 200 మీటర్లుంటే హాయిగా సరిపోతుంది. గంటకు 1,500 కార్లు దిగే చోట మాత్రం ఇది పనిచేయదు, ప్రతి చుట్టులో కొన్ని మిగిలిపోయి క్యూ పైకి పాకుతూ పోతుంది, పైన మలుపు దగ్గర వేగంగా వచ్చేవాడికి ఆ క్యూ తోక ఎదురైతే అది ఇంకో రకం ప్రమాదం. అందుకే సాయంత్రం పీక్ అవర్‌లో ఎన్ని బండ్లు దిగుతున్నాయో లెక్క లేకుండా ఈ దారికీ సరే అనొద్దు.

ఖర్చు తక్కువ, నెలల్లో అయిపోతుంది, బాగా లేకపోతే మార్చుకోవచ్చు. ముందు ప్లాస్టిక్ కోన్లు, ఇసుక డ్రమ్ములు పెట్టి రెండు వారాలు ప్రయత్నించి చూడొచ్చు కూడా. మిగతా నాలుగింటిలో యూ-టర్న్‌కు తప్ప దేనికీ ఈ వీలు లేదు.

## రెండు: సిగ్నల్ తీసేసి యూ-టర్న్‌లు

ఈ మధ్య కొన్నేళ్లుగా హైదరాబాద్‌లో చాలా జంక్షన్లు మూసేసి ఇలా చేశారు. కారులో ఉన్నప్పుడు బాగానే అనిపిస్తుంది, బండి ఆగకుండా కదులుతూ ఉంటుంది. ర్యాంప్ రోడ్డు మధ్యలో దిగుతుంది కాబట్టి ర్యాంప్ మీద నుంచి వచ్చేవాడికి కుడివైపున ఉండే యూ-టర్న్ దగ్గరే. కింద సర్వీస్ రోడ్డు నుంచి వచ్చేవాడికే కష్టం, వాడు అన్ని లేన్లూ కోసుకుంటూ కుడి అంచుకు చేరాలి.

నాకు దీని మీద ఉన్న అభ్యంతరం నడిచేవాళ్ల గురించి. సిగ్నల్ ఉన్నప్పుడు రెడ్ పడితేనైనా రోడ్డులో ఒక సందు దొరికేది. ఇప్పుడు బండ్లు ఆగవు, సందు దొరకదు, చేయి అడ్డం పెట్టి దేవుడి మీద భారం వేసి అడుగు వేయాలి. పెలికాన్ సిగ్నల్, అంటే నడిచేవాళ్లు బటన్ నొక్కితే బండ్లకు రెడ్ పడే సిగ్నల్, పెడతామంటారు. పెట్టి, దాన్ని నిజంగా పనిచేయించి, కార్లను ఆపితే మంచిదే, అప్పుడది సిగ్నల్ ఫ్రీ కాదని కూడా ఒప్పుకోవాలి. ఇంకోటి, యూ-టర్న్ అర కిలోమీటరు దూరంలో ఉంటే టూవీలర్ వాళ్లు రాంగ్ రూట్‌లో వస్తారు. తిట్టుకుంటాం గానీ, వంద మీటర్ల దూరానికి కిలోమీటరు తిరిగి రమ్మనే రోడ్డు వేసినప్పుడే అది జరుగుతుందని తెలిసిన విషయమే.

## మూడు: రోటరీ, అంటే సర్కిల్

అమెరికాలో సిగ్నల్ జంక్షన్‌ను ఆధునిక రౌండ్‌అబౌట్‌గా మారిస్తే గాయాలు, మరణాలు అయ్యే ప్రమాదాలు 78 శాతం తగ్గుతాయని అక్కడి ఫెడరల్ హైవే శాఖ చెబుతుంది. ఇండియానాలో కార్మెల్ అనే ఊరు 150కి పైగా కట్టుకుంది. కీస్టోన్ పార్క్‌వే అనే పెద్ద రోడ్డు ర్యాంప్‌లు కూడా అక్కడ సర్కిళ్లలోకే దిగుతాయి. ఇవి చూపించి మన దగ్గర కూడా కట్టమనేవాళ్లున్నారు.

అక్కడ అది నడవడానికి కారణం ఒక్కటే నియమం, లోపల తిరుగుతున్నవాడికి బయట నుంచి వచ్చేవాడు దారి ఇవ్వాలి. మన సర్కిళ్ల దగ్గర ముందు ఎవరి బంపర్ దూరితే వాళ్లదే దారి. పైగా అన్ని వైపుల నుంచీ కలిపి గంటకు 3,000 బండ్లు దాటితే రోటరీ సరిగా పనిచేయదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాత మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. మెహదీపట్నం లాంటి చోట పొద్దున్నే ఆ సంఖ్య దాటిపోతుంది. విశాఖ ఎన్‌ఏడీ జంక్షన్‌లో స్థలం చాలక రోటరీనే పైకెత్తి కట్టారు, అది వేరే స్థాయి ఖర్చు. నా అభిప్రాయంలో రోటరీకి తగిన చోటు జిల్లా కేంద్రాలు, చిన్న పట్టణాలు. బైపాస్ నుంచి దిగి ఊళ్లోకి మలుపు తిరిగే దగ్గర, బండ్లు మోస్తరుగా ఉండి స్థలం ఉన్నచోట, దీన్ని మించింది లేదు. రాత్రిపూట సిగ్నల్ ఎవరూ పట్టించుకోని ఊళ్లో కూడా సర్కిల్ వేగాన్ని తగ్గించి తీరుతుంది, నేరుగా దూసుకుపోవడానికి దారే ఉండదు కాబట్టి.

## నాలుగు: ఫ్లైఓవర్‌ను పొడిగించడం

విజయవాడ బెంజ్ సర్కిల్ గుర్తు చేసుకోండి. చెన్నై, కోల్‌కతా మధ్య తిరిగే లారీలకు విజయవాడలో పనే లేదు, అయినా ఊరి గుండెలోంచి, బందరు రోడ్డును అడ్డంగా కోసుకుంటూ పోయేవి. రెండు విడతల్లో ఫ్లైఓవర్ కట్టి వాటిని పైకి ఎక్కించారు. అక్కడ అది సరైన పని.

మెహదీపట్నంలో దిగే కారు అలా కాదు. చాలావరకు నగరంలోకే వస్తుంది, మాసాబ్ ట్యాంక్‌కో లక్డీకాపూల్‌కో. ర్యాంప్‌ను కిలోమీటరు ముందుకు జరిపితే ఇప్పుడు కంటి ఆసుపత్రి దగ్గర ఉన్న కత్తెర అక్కడికి పోతుంది, మోకాలి నొప్పి మడమకు దిగినట్టు. కాబట్టి ఈ దారి ఎంచుకునే ముందు అడగాల్సింది ఒక్కటే, దిగే వంద బండ్లలో ఎన్ని ఈ ప్రాంతంలో పని లేకుండా నేరుగా దాటిపోతున్నాయి? సగానికి బాగా పైన ఉంటే ఆలోచించండి. లేకపోతే రెండు మూడేళ్లు రోడ్డు తవ్వి, నీళ్ల పైపులూ కరెంటు తీగలూ జరిపి, షాపుల ముందు రేకులు పాతి, చివరికి పక్క కాలనీకి మన తలనొప్పి ఇచ్చినవాళ్లం అవుతాం.

## ఐదు: ర్యాంప్ తీసేయడం

వినగానే పిచ్చి ఆలోచన అనిపిస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. 1989 అక్టోబరు భూకంపంలో శాన్ ఫ్రాన్సిస్కోలో సెంట్రల్ ఫ్రీవే అనే ఎత్తు రోడ్డు దెబ్బతింది. మళ్లీ కట్టాలా, తీసేయాలా అని ఊరు ఏళ్ల తరబడి కొట్టుకుంది. 1997లో మళ్లీ కట్టమని ఓటేశారు, 1998లో వద్దు, కింద మంచి రోడ్డు వేయమని ఓటేశారు, 1999లో ఇంకోసారి ఓటు పెడితే ఆ కింది రోడ్డే గెలిచింది. 2005 సెప్టెంబరులో ఆక్టేవియా బౌలెవార్డ్ తెరిచారు. ఫ్రీవే ఇప్పుడు మార్కెట్ స్ట్రీట్ దగ్గర నేలకు దిగిపోతుంది, అక్కడి నుంచి నాలుగు వీధుల దూరం చెట్ల వరుసల మధ్య రోడ్డు. మధ్యలో నాలుగు లేన్లు దాటిపోయేవాళ్లకు, చెట్లకు అవతల రెండు పక్కలా సన్నటి లేన్ అక్కడి ఇళ్లవాళ్లకు. చివర ఒక చిన్న పార్కు. ఫ్రీవే కింద చిక్కుకున్న భూమిలో ఇళ్లు వచ్చాయి, కొన్ని తక్కువ ఆదాయం వాళ్లకు.

రోడ్డు అద్భుతమని నేను చెప్పను. ఫ్రీవే దిగిన బండ్ల క్యూ అక్కడ ఇప్పటికీ ఉంటుంది, మార్కెట్ స్ట్రీట్ మూల దగ్గర సైకిల్ వాళ్ల భద్రత కోసం ఫ్రీవే మీదికి కుడి మలుపును నిషేధించాల్సి వచ్చింది. కానీ నగరం ఆగిపోలేదు, ఒకప్పుడు ఎవరూ నిలబడని చోట జనం కూర్చుని కాఫీ తాగుతున్నారు.

సియోల్‌లో ఇంకా పెద్దది చేశారు. చియోంగ్యేచియోన్ వాగు మీద కట్టిన ఎత్తు రోడ్డును 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కల్లా వాగును మళ్లీ బయటికి తెచ్చారు. ఈ కథ చెప్పేవాళ్లు సగం వదిలేస్తారు, 2004లోనే వాళ్లు బస్సు వ్యవస్థను తిరగరాసి, పెద్ద రోడ్ల మధ్యలో బస్సులకు ప్రత్యేక లేన్లు ఇచ్చారు. కారు దిగినవాడికి ఎక్కడానికి బస్సు ఉంది. మన దగ్గర అది లేకుండా ర్యాంప్ తీస్తే బండ్లన్నీ కింద సర్వీస్ రోడ్డు మీదే పడతాయి. మెహదీపట్నానికి ఈరోజు నేను దీన్ని సూచించను. అయితే ఒక ఫ్లైఓవర్‌కి రిపేర్లు పెద్దగా పడే వయసు వచ్చినప్పుడు, మళ్లీ కోట్లు పోసే ముందు, ఈ ప్రశ్న బల్ల మీద ఉండాలి.

## ఒక్కచోట చూస్తే

| | నడిచేవాళ్లకు | కారు, టూవీలర్‌కు | బస్సులకు | పని కాలం | వెనక్కి తీసుకోవచ్చా |
|---|---|---|---|---|---|
| ఉన్నదాన్ని సరిచేయడం | చాలా మేలు | కొద్ది నిమిషాల ఆలస్యం | మేలు | నెలలు | అవును |
| యూ-టర్న్‌లు | కష్టం | కారుకు మేలు, టూవీలర్‌కు చుట్టు | స్టాప్ దగ్గర ఇబ్బంది | వారాలు | అవును |
| రోటరీ | చిన్న ఊళ్లో మేలు | మోస్తరు రద్దీలో మేలు | పెద్ద బస్సుకు స్థలం చూడాలి | ఏడాది లోపు | కష్టం |
| పొడిగింపు | కింద కొంత మేలు | దాటిపోయేవాళ్లకు మేలు | పెద్ద తేడా లేదు | ఏళ్లు | కాదు |
| తీసేయడం | అన్నిటికంటే మేలు | ఆలస్యం | ప్రత్యేక లేన్ ఇస్తేనే మేలు | ఏళ్లు | కాదు |

## మీరెవరైతే ఏది

షాపు ఉన్నవాళ్లు ఎక్కువగా పార్కింగ్ పోతుందని మొదటి దారికి అడ్డం పడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, రోజు గల్లా మీద ఆధారపడే కుటుంబాలవి. కానీ 60లో పోయే కారు మీ షాపు ముందు ఆగదు, నడిచి వెళ్లేవాడే ఆగుతాడు. చెన్నై పాండీ బజార్‌లో 2019లో ఫుట్‌పాత్ వెడల్పు చేసి నడిచేవాళ్లకు ఇచ్చారు, వీలైతే ఒక సాయంత్రం వెళ్లి అక్కడి షాపుల వాళ్లతోనే మాట్లాడి రండి. మీరు నిజంగా భయపడాల్సింది పొడిగింపుకు, ఆ రేకుల వెనక రెండేళ్లు షాపు నడపాలి. సరుకు దింపే ఆటోకు పొద్దున ఒక సమయం, ఒక చోటు రాసివ్వమని మాత్రం గట్టిగా అడగండి.

రోజూ కారులో దిగేవాళ్లకు యూ-టర్న్ నచ్చుతుంది, అది సహజం. ఒక్క వారం మీ సమయం కొలవండి. ర్యాంప్ దిగాక పోయే సమయంలో ఎక్కువ భాగం సిగ్నల్ దగ్గర కాదు, ఆ తర్వాత రోడ్డు మధ్యలో ఆగిన బస్సు వెనక, ఆటో వెనక పోతుంది. బస్సుకు సరైన చోటు ఇస్తే మీకూ దారి దొరుకుతుంది.

కాలనీ వాళ్లు లోపలి సందుల గురించి అడగాలి. పెద్ద రోడ్డు మీద ఏ మలుపు మూసినా ఆ బండ్లు మీ సందులోకే వస్తాయి. ఏ సందు మూస్తారు, ఏది వన్‌వే చేస్తారు అని డ్రాయింగ్ మీద ముందే గీయించుకోండి.

బస్సు ఎక్కేవాళ్లు, పిల్లల్ని బడికి పంపేవాళ్లు, ఆసుపత్రికి వచ్చేవాళ్లు సమావేశాలకు రారు, ఆ సమయానికి బస్సులోనే ఉంటారు. వాళ్ల తరఫున అడిగేవాళ్లకు సాధారణంగా ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టిస్తామని సమాధానం వస్తుంది. ఉప్పల్‌లో 2023లో తెరిచిన స్కైవాక్ లాగా లిఫ్టులు, ఎస్కలేటర్లతో, మెట్రో స్టేషన్‌కు కలిపి కడితే అది వేరు. ఉత్త మెట్ల వంతెన అయితే ఆపరేషన్ అయిన కంటితో ఎవరు ఎక్కుతారు? నేల మీద దాటే చోటు ఉండి తీరాలి, వంతెన దానికి తోడుగా రావచ్చు.

మెహదీపట్నం లాంటి చోటికి నా ఓటు మొదటిదానికే, ర్యాంప్ బండ్లకు వేరే గ్రీన్, మధ్యలో నిలబడే దిమ్మె, జరిపిన బస్‌స్టాప్, ఈ మూడూ కలిపి. ఒకటి వదిలేస్తే మిగతావి సగమే పనిచేస్తాయి. మీ దగ్గర ఏదైనా తేలకముందు ఒక మంగళవారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా ఇద్దరు ముగ్గురు నిలబడి లెక్క పెట్టండి, ర్యాంప్ దిగిన బండ్లు ఎన్ని, అందులో ఎడమకు తిరిగినవి ఎన్ని, నడిచి దాటినవాళ్లు ఎంతమంది, ఎవరు ఎక్కడ దాటారు. ఆ కాగితం పట్టుకుని సమావేశానికి వెళ్లి, జనం నిజంగా దాటుతున్న ఆ చోటే డ్రాయింగ్‌లో జీబ్రా గీత ఉందో లేదో వేలు పెట్టి చూపించమనండి.